ఫాగర్లు నడుస్తున్నా ఆవులు రొప్పుతున్నాయి, ఏం చేయాలి? (చెన్నై, పొన్నేరి వైపు)

పొన్నేరి_పాడి
అందరికీ నమస్కారం. 14 ఆవులు, అన్నీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం, రోజుకు ఆవుకు 14-15 లీటర్లు ఇచ్చేవి. ఒకే వరస, షెడ్డు పొడవు 17 మీటర్లు, పైన జీఐ రేకు, చూరు ఎత్తు 9 అడుగులు. నర్సరీల్లో వాడే, సన్నటి తుంపర చిమ్మే నాలుగు మూతుల ఫాగర్లు లైనంతా బిగించి ఉన్నాయి. పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆపకుండా నడుస్తాయి. అయినా మధ్యాహ్నం 2 గంటలకు డొక్క ఎగరడం లెక్కపెడితే నిమిషానికి 85-90. పాలు ఆవుకు 3 లీటర్లు పడిపోయాయి, వెన్న 4.0 శాతం నుంచి 3.4కి దిగింది. ఇంకో లైను ఫాగర్లు వేయాలా? దాణాలో ఏమైనా మార్చాలా?

గాలివాటం
ఇంకో లైను వద్దండీ. ఉన్నదాన్ని కూడా ఆపేయండి.

ఫాగరు గాలిని చల్లబరుస్తుంది, ఆవును కాదు. సన్నటి తుంపర గాలిలోనే ఆవిరైతేనే ఆ చల్లదనం వస్తుంది. అందుకు గాలి పొడిగా ఉండాలి. పొన్నేరిలో సముద్రపు గాలి తిరిగాక 34 డిగ్రీలు, 70 శాతం తేమ మామూలు. ఆ గాలికి తడి బల్బు ఉష్ణోగ్రత 29 దగ్గర ఉంటుంది. అంటే ఎన్ని ఫాగర్లు పెట్టినా 29 కిందికి దిగదు. సగం దూరం దిగేసరికే షెడ్డులో తేమ 85 శాతం దగ్గరికి చేరుతుంది. అంత తేమలో ఆవు చెమట సరిగా ఆరదు, రొప్పినా ఊపిరితో వేడి అంతగా పోదు. పైగా ఆ సన్న తుంపర వెంట్రుకల కొసల మీద నిలిచి, చర్మం దాకా దిగకుండా పొరలా కప్పేస్తుంది. కొన్నిసార్లు ఫాగరు లేని షెడ్డుకంటే ఉన్న షెడ్డులో ఎక్కువ రొప్పడానికి కారణం ఇదే.

మన తీరంలో పనిచేసేది ఒక్కటే పద్ధతి. పెద్ద చినుకుతో చర్మం దాకా తడపాలి, నీళ్లు ఆపాలి, గట్టి గాలితో ఆరబెట్టాలి, మళ్లీ తడపాలి. చర్మం మీద ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి ఆవు ఒంట్లోంచి నేరుగా పోతుంది. తడపడం సగం పనే, ఆరబెట్టడం మిగతా సగం. ఫ్యాను లేకుండా తడిపితే లాభం చాలా తక్కువ.

తేమలెక్క
గాలివాటం గారి మాటకు అంకెలు జోడిస్తాను. ఉష్ణోగ్రత, తేమ కలిపి చూసే టీహెచ్‌ఐ లెక్క ఇది:

(1.8 × ఉష్ణోగ్రత + 32) − (0.55 − 0.0055 × తేమ శాతం) × (1.8 × ఉష్ణోగ్రత − 26)

38 డిగ్రీలు, 30 శాతం తేమ (అనంతపురం తరహా మధ్యాహ్నం): 84. మన 34 డిగ్రీలు, 70 శాతం: 87. థర్మామీటరులో 4 డిగ్రీలు తక్కువే, ఆవుకు మాత్రం మనదే ఎక్కువ కష్టం. బెంగళూరు ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీలు, 30 శాతం అనుకుంటే 80.

అసలు తేడా రాత్రి. బెంగళూరులో 22 డిగ్రీలు, 65 శాతానికి 69 వస్తుంది. చెన్నైలో 28 డిగ్రీలు, 85 శాతానికి 80. బాగా పాలిచ్చే ఆవు 68 దగ్గరే ఇబ్బంది పడటం మొదలుపెడుతుంది, పాత లెక్కల్లో ఆ గీత 72. బెంగళూరు ఆవు పగలు పోగైన వేడిని రాత్రి వదిలేసుకుంటుంది. చెన్నై ఆవుకు మే నెలలో ఆ వెసులుబాటు ఉండదు. 11 నుంచి 4 దాకా మాత్రమే చల్లబరిచే ఏర్పాటు ఇక్కడ అందుకే చాలదు.

దొడ్డబళ్లాపుర_డెయిరీ
మా వైపు (బెంగళూరు పక్కన) ఫాగర్లు బాగానే పనిచేస్తాయి, మార్చి-ఏప్రిల్ మధ్యాహ్నాల్లో షెడ్డు 6-7 డిగ్రీలు దిగుతుంది. జూన్‌లో వానలు పడ్డాక మేమూ ఆపేస్తాం. ఫాగర్ల వీడియోలు ఎక్కువగా పొడి ప్రాంతాలవే. తీరంలో ఉన్నవాళ్లు వాటిని చూసి కొనకండి.

పొన్నేరి_పాడి
అర్థమైంది అన్నా. అయితే 17 మీటర్ల షెడ్డుకు ఏమేం కావాలో కొలతలతో చెప్పగలరా?

గాలివాటం
తప్పకుండా.

ముందు ఫ్యాన్లు. 36 అంగుళాలవి మూడు, ఆరేసి మీటర్ల దూరంలో, అన్నీ ఒకే దిక్కుకు ఊదాలి. ఎదురెదురుగా పెడితే మధ్యలో గాలి చచ్చిపోతుంది. మీ దగ్గర పగటి గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి దాని వెంటే ఊదేలా పెట్టండి. అంచు నేలకు 8 అడుగుల ఎత్తులో ఉండాలి, 20-25 డిగ్రీలు కిందికి వంచాలి, తర్వాతి ఫ్యాను కింద నేలను తాకేలా. మీ చూరు 9 అడుగులే కాబట్టి ఫ్యాన్లను చూరు దగ్గర కాకుండా కప్పు ఎత్తుగా ఉన్న మధ్య వరసలో, దూలానికి వేలాడదీయండి. చివరి పరీక్ష ఆవు వీపు దగ్గర. గాలి వేగం సెకనుకు కనీసం 2 మీటర్లు రావాలి, 3 వస్తే ఇంకా మంచిది. కొలిచే చిన్న మీటరు చవకే. ఫ్యాను దగ్గర కొలవకండి, రెండు ఫ్యాన్ల మధ్య నిలబడే ఆవు దగ్గర కొలవండి.

తర్వాత నీళ్లు. గాడి వెంబడి ఒక అంగుళం పీవీసీ పైపు, నేలకు 6 నుంచి 6.5 అడుగుల ఎత్తులో. అరచక్రంలా చిమ్మే నాజిళ్లు, నిమిషానికి 2 లీటర్లవి, రెండేసి మీటర్లకు ఒకటి, మొత్తం 9. చిమ్మేది ఆవుల వైపే, గాడిలో పడకూడదు. మేత తడిస్తే సాయంత్రానికి పులుస్తుంది. ఒత్తిడి 1 బార్ చుట్టూ చాలు. ఇంకా పెంచితే చినుకు పగిలి మళ్లీ ఫాగరే అవుతుంది. అర హెచ్‌పీ మోటారు, 120 మెష్ డిస్క్ ఫిల్టరు, సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), సైక్లిక్ టైమరు. పైపు చివర ఒక డ్రైన్ వాల్వు పెట్టించండి, లేకుంటే ఆపాక కూడా బొట్లు కారి నేల ఆరదు.

టైమరు: 1 నిమిషం నీళ్లు, 5 నిమిషాలు గాలి మాత్రమే. ఫ్యాను ఆగకూడదు. ఒక్కో విడతకు 18 లీటర్లు, అంటే ఆవుకు 1.3 లీటరు. వీపు, పక్కటెముకలు బాగా తడవాలి, నీరు పొట్ట కిందికి ధార కట్టి పొదుగు మీదికి రాకూడదు. ధార కడుతుంటే 40 సెకన్లకు తగ్గించండి. తర్వాతి నీళ్లు పడే సమయానికి వీపు ఇంకా తడిగా ఉంటే విరామం 8-9 నిమిషాలకు పెంచండి. తేమ బాగా ఎక్కువున్న రాత్రుల్లో అలాగే అవుతుంది.

ఇజ్రాయెల్‌లో పగలంతా కాకుండా 45 నిమిషాల చొప్పున విడతలుగా చేస్తారు. మీకు ఇలా పెట్టుకోవచ్చు: తెల్లవారి 4:30, 9:30, 12:30, 3 గంటలకు, తర్వాత రాత్రి 7:30, 10:30. మొత్తం నాలుగున్నర గంటలు, నీళ్లు సుమారు 810 లీటర్లు, ఆవుకు 58. ఫ్యాన్లు మాత్రం మార్చి నుంచి రాత్రింబవళ్లు తిరగాల్సిందే.

కరెంటు_మేస్త్రి
తడి షెడ్డులో ఈ పనులు లేకుండా స్విచ్చు వేయొద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), ఫ్యాను బాడీకి, స్తంభాలకు, గాడి దగ్గరి ఇనప కడ్డీలకు ఎర్తింగు. ఆవుకు చాలా తక్కువ వోల్టేజి తగిలినా తెలుస్తుంది. నీళ్ల తొట్టి దగ్గర లీకేజీ ఉంటే దగ్గరికొచ్చి తాగకుండా వెనక్కి పోతుంది, మనం వేడి వల్ల అనుకుంటాం. మోటార్లు పూర్తిగా మూసి ఉన్నవి, దుమ్ము, నీటి చిమ్ము తట్టుకునే ఐపీ55 రకం తీసుకోండి. రెక్కల మీద, జాలీ మీద దుమ్ము, నూగు పేరుకుంటే గాలి బాగా తగ్గిపోతుంది. రెండు వారాలకొకసారి తుడవండి.

పశువైద్యం_తిరువళ్లూరు
ఏర్పాటు ఏదైనా, పనిచేస్తోందా లేదా అన్నది ఆవే చెప్పాలి. నీడలో, పడుకుని లేదా కదలకుండా ఉన్నప్పుడు డొక్క కదలికలు 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 60 లోపైతే ఫరవాలేదు. 80 దాటితే బాధపడుతోంది. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ 120 దాకా పోతే అది అత్యవసరం. ఆసనంలో ఉష్ణోగ్రత 39.2 దాటితే వేడి పోగవుతోందని లెక్క, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది.

మధ్యాహ్నం ఒక్కసారే చూసి వదిలేయకండి. రాత్రి 10కి, తెల్లవారి 5కి కూడా చూడండి. తెల్లవారి కూడా 60 దాటి ఉంటే రాత్రి చల్లబరచడం చాలట్లేదు. మంద మొత్తం తెల్లవారికి చల్లబడి, ఒక్క ఆవుకే ఆసనం ఉష్ణోగ్రత 40 మీద ఉంటే అది వేడి కాదు, జబ్బు. వేసవిలో పిడుదులు పెరుగుతాయి, వాటివల్ల వచ్చే థైలీరియా, బెబీసియా జబ్బులు ఉన్నాయేమో చూడాలి. మూత్రం ఎర్రగా వస్తే ఆలస్యం చేయకండి.

ఇంకొకటి చాలామంది గమనించరు. గాలికుంటు వచ్చి తగ్గిన ఆవుల్లో కొన్ని ఆ తర్వాత వేడి అసలు తట్టుకోలేవు. ఒంటి నిండా పొడుగు వెంట్రుకలు పెరుగుతాయి, మిగతావి మామూలుగా ఉన్నప్పుడు కూడా ఇవి రొప్పుతాయి. వాటికి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా సగమే ఫలితం. వెంట్రుక కత్తిరించి, ఫ్యాను ఎదురుగా కట్టండి. గాలికుంటు టీకా తప్పించకపోవడం ఎండ బాధకు కూడా మందే.

పడిపోయిన ఆవు విషయంలో: నడిపించకండి, బండి ఎక్కించకండి. ఉన్నచోటే నీడ చేసి, తల, మెడ, ఒళ్లంతా నీళ్లు ఆపకుండా పోస్తూ ఫ్యాను పెట్టండి. రొప్పుతున్న ఆవుకు నోట్లో గొట్టంతో, సీసాతో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది జ్వరం కాదు కాబట్టి జ్వరం సూది దీన్ని దించదు, ఒంట్లో నీరు తగ్గిన ఆవుకు కొన్ని నొప్పి మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కూడా. డాక్టరు వచ్చేదాకా చల్లబరచండి, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. ఉష్ణోగ్రత 39.5కి దిగాక నీళ్లు ఆపి గాలి మాత్రం ఉంచండి.

వ్యాసర్పాడి
మాది ఊళ్లో ఇల్లు, పక్కన ఇరుకు కొట్టం, 5 ఆవులు, రేకు 8 అడుగులే. పైపులు వేసే చోటు లేదు. తడి గోనె పట్టాలు చుట్టూ కట్టాం. ఇంకేం చేయొచ్చు అన్నా?

గాలివాటం
ముందు ఆ గోనె పట్టాలు తీసేయండి. పొడి వడగాలి వీచే చోట అవి కూలర్ పనిచేస్తాయి. ఇక్కడ వచ్చే కాస్త గాలిని ఆపేస్తాయి, లోపల ఉక్క పెంచుతాయి. తూర్పు వైపు గోడ ఉంటే నడుము ఎత్తు పైన తెరవండి, ఎదురు గోడలో కూడా అంత సందు ఉండాలి. రేకు కింద ఆరంగుళాల ఖాళీ వదిలి తాటాకు తడికెలు కట్టండి. రేకు మీద సున్నం కొట్టండి, అంటుకోవడానికి ఫెవికాల్ కలిపి. రేకు మండుతుంటే కింద నిలబడ్డ ఆవుకు నెత్తిన పెనం బోర్లించినట్టే. గాలి చల్లగా ఉన్నా ఆ సెగ వీపుకు తగులుతూనే ఉంటుంది.

నీళ్లకు హోస్ పైపు చాలు. ఉదయం 11, మధ్యాహ్నం 2, సాయంత్రం 5, రాత్రి 9. ఆవుకు 10-15 లీటర్లు, మెడ, భుజం, వీపు, పక్కలు చేత్తో రుద్దుతూ తడపండి. పొదుగు మీద వద్దు. తడిపిన వెంటనే గోడ ఫ్యానో, పెడెస్టల్ ఫ్యానో అరగంట నేరుగా ఒంటి మీదికి. రోజుకొకసారి పెద్ద స్నానం చేయించడం కంటే ఈ నాలుగు చిన్న తడుపులు చాలా మేలు.

పశువైద్యం_తిరువళ్లూరు
పితికేముందు తడిపితే 15 నిమిషాల ముందే నీళ్లు ఆపి ఆరనివ్వండి. తడి పొదుగును పితికితే మురికి నీరు చన్నుల్లోకి పోతుంది. వేసవిలో పొదుగువాపు కేసులు ఎక్కువ రావడంలో దీనికీ వాటా ఉంది. ఆ కొట్టంలో గేదె కూడా ఉంటే దానికి చెమట గ్రంథులు తక్కువ, చర్మం నలుపు, తడుపు రెట్టింపు కావాలి.

మేతలెక్క
పొన్నేరి గారూ, వెన్న 4.0 నుంచి 3.4కి ఎందుకు దిగిందో చెబుతాను. ఆవు రొప్పేటప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు సోడాను (బైకార్బొనేట్) బయటికి పంపేస్తాయి. ఇంకోవైపు చొంగలో కూడా సోడా కారిపోతోంది. నెమరు తగ్గింది కాబట్టి లాలాజలమే తక్కువ. చివరికి పెద్ద పొట్టలో ఆమ్లాన్ని ఆపే సరుకు మిగలదు. అదే సమయంలో ఆవు ఎండుగడ్డి వదిలేసి దాణానే ఏరుకు తింటుంది. రెండూ కలిసి పొట్ట పులుస్తుంది, వెన్న పడిపోతుంది. పాలు తగ్గడంలో మాత్రం మేత తగ్గడం వాటా దాదాపు సగమే. మిగతాది వేడి వల్ల ఒంటి పనితీరే మారడం. కాబట్టి మేతతో మొత్తం తిరిగి రాదు, చల్లబరచడమే ముందు.

మేతలో చేయాల్సినవి. రోజు మేతలో మూడింట రెండు వంతులు రాత్రి 7 నుంచి తెల్లవారి 6 లోపు పెట్టండి. దాణా ఒక్కసారికి 2 కిలోలు మించకుండా నాలుగు పూటలు. వరిగడ్డి అంగుళం కంటే సన్నగా కొట్టకండి, పచ్చి మేతతో కలిపేయండి, ఏరుకోలేవు. తినే సోడా 150 గ్రాములు రెండు పూటలుగా దాణాలో. నీళ్లలో కలిపితే తాగడం తగ్గించేస్తాయి. ఉప్పు 60 గ్రాములు, మినరల్ మిక్చర్ మామూలుగా.

పొటాషియం సంగతి విడిగా చెప్పాలి. ఆవు చెమటలో ఎక్కువగా పోయేది అదే. ఎండలో మొత్తం పొడి మేతలో 1.5 శాతం ఉండాలి, 15 కిలోలు తినే ఆవుకు 225 గ్రాములు. సీఓ-4, సీఓ-5 నేపియర్ బాగా పెట్టేవాళ్లకు అది గడ్డిలోనే వచ్చేస్తుంది. చెన్నై చుట్టుపక్కల బీరు పిప్పి, తవుడు మీద నడిపే షెడ్లలో రాదు. బీరు పిప్పిలో పొటాషియం చాలా తక్కువ. అలాంటి చోట పొటాషియం కార్బొనేట్ డాక్టరును అడిగి కలపండి. క్లోరైడ్ రూపం వద్దు, సోడాతో వచ్చే లాభాన్ని తినేస్తుంది. తడి పిప్పి ఈ ఎండలో రెండో రోజుకే బూజు పడుతుంది. ఏరోజుది ఆరోజే వాడండి, మిగిలితే పారేయండి.

ఇదంతా పాలిచ్చే ఆవులకే. ఈనడానికి మూడు వారాలున్న చూడి ఆవుకు సోడా, అదనపు పొటాషియం ఇవ్వకండి, ఈనగానే పాల జ్వరంతో పడిపోయే ప్రమాదం ఉంది.

తేమలెక్క
తాగే నీళ్ల గురించి ఎవరూ రాయలేదు. 14 లీటర్లు ఇచ్చే ఆవు ఈ కాలంలో 80-100 లీటర్లు తాగుతుంది, పితికిన వెంటనే అందులో పెద్ద వాటా. రోజుకు మూడుసార్లు బకెట్టు చూపిస్తే కుదరదు, ముందు తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. మేడ మీది నల్ల ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి. ట్యాంకుకు నీడ కట్టండి, పైపులు భూమిలో పాతండి.

మింజూరు, పొన్నేరి వైపు భూగర్భ జలాల్లోకి సముద్రపు నీరు చొరబడింది, బోరు నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాలు) మీటరుతో చూసుకోండి. లీటరుకు 3000 మిల్లీగ్రాముల లోపు ఫరవాలేదు, 5000 దాటితే చూడి ఆవులకు, పాలిచ్చేవాటికి తాగించకండి. ట్యాంకరు నీళ్లు పరిమితంగా దొరికితే మంచివి తాగడానికి, ఉప్పగా ఉన్నవి తడపడానికి. నాజిళ్లకు తెల్లటి పెచ్చు కడుతుంది. నెలకొకసారి విప్పి లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టండి.

పొన్నేరి_పాడి
చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క అనుమానం. ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినవి నిలవట్లేదు. ఇంకోటి, వట్టిపోయిన చూడి ఆవులు మూడు పక్కన చింతచెట్టు కింద ఉంటాయి. వాటికి కూడా ఫ్యాన్లు పెట్టాలా? పాలు లేవు కదా.

పశువైద్యం_తిరువళ్లూరు
వాటికే ముందు పెట్టండి. ఈనే ముందరి రెండు నెలల్లో పొదుగులో పాల కణాలు కొత్తగా కట్టుకుంటాయి. ఆ సమయంలో వేడికి గురైతే ఈనాక ఆ ఈత మొత్తం పాలు తక్కువే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధనల్లో చూడి కాలంలో చల్లబరిచిన హోల్‌స్టీన్ ఆవులు, చల్లబరచని వాటికంటే రోజుకు 4-5 కిలోలు ఎక్కువిచ్చాయి. మన సంకరాలకు అంత రాకపోయినా దిశ అదే. వేడికి గురైన ఆవుకు దూడ కూడా తక్కువ బరువుతో పుడుతుంది, జున్నుపాలలోని రక్షణను సరిగా పీల్చుకోదు. చెట్టు నీడ మంచిదే, గాలి ఆగిన రాత్రి అది చాలదు. వరస చివర ఖాళీ ఉంటే పాలిచ్చేవాటితోపాటే కట్టండి, మేత మాత్రం వేరు.

ఎద సంగతి. వేసవిలో ఎద 6-8 గంటల్లోనే ముగిసిపోవచ్చు, అదీ రాత్రిపూట. రాత్రి 10కి, తెల్లవారి 4కి తీగ చూడండి. సాయంత్రం కనిపిస్తే మర్నాడు తెల్లవారి, తెల్లవారి కనిపిస్తే అదే సాయంత్రం సూది. ఆ రోజు, తర్వాతి వారం రోజులు ఆ ఆవుకు తడుపు విడతలు తప్పించకండి, పిండం వేడికి పోయేది ఎక్కువగా అప్పుడే. అండం లోపలే దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఈరోజు చల్లబరచడం మొదలుపెట్టినా చూలు నిలవడం మెరుగుపడటానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. జూన్, జూలైలో ఈనే ఆవులుంటే వచ్చే ఏడు వాటిని ఏప్రిల్ మొదటి వారంలోనే ఫ్యాన్ల కిందికి తెచ్చేయండి.